మేస్త్రి పడుకుని చూసిన పైకప్పు

మేస్త్రి పోయాడన్న కబురు నాకు బహ్రెయిన్‌లోని సల్మాబాద్‌లో, మధ్యాహ్నం అన్నం తినే వేళ అందింది. ఊరి నుంచి వాళ్ల పెద్దకొడుకు ఫోన్ చేశాడు. "బాపు పొద్దుగాల లేవలేదు కాకా" అన్నాడు. చలికాలంలో ఇక్కడ ఖలాస్ చెప్పి, ఇక రానని ఊరికి పోయిన మనిషి. ఎండలు ముదరకముందే పోయాడు.

సాయంత్రానికి మా దిక్కువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ వచ్చింది. చుట్టూ గులాబీ రేకులు, మూలకో దీపం, నడుమ మేస్త్రి ముఖం. అందరం కలిసి దిగిన ఫొటోలోంచి కత్తిరించారు కాబట్టి ఆయన మెడ పక్కన నా భుజం ముక్క మిగిలిపోయింది. కింద 'మహా కళాకారుడికి అశ్రునివాళి' అని రాశారు. దాని కింద దండాల బొమ్మలు వరుసగా వచ్చి పడ్డాయి. ఆ దండాల మధ్యలోనే ఒకడు, శుక్రవారం బిర్యానీ పార్సిల్ కావలసినవాళ్లు చెప్పండని పెట్టాడు. దానికి కూడా ఎవరో దండం పెట్టారు.

నాకు అసహ్యం వేసింది. ఆ దండాలు పెట్టినవాళ్లలో సగం మంది ఆయన్ను చాటున 'ఛీ మేస్త్రి' అని పిలిచినవాళ్లే. ఆ బొమ్మ చూసి ఉంటే ఆయన కూడా ఆ ఒక్క మాటే అనేవాడు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఆయన మహా కళాకారుడు కాదు. పైకప్పులు చేసే మేస్త్రి. గోడకూ కప్పుకూ నడుమ నడిచే పూలపట్టీలు, దీపం వేలాడే చోట గుండ్రటి పువ్వులు, పెద్దిళ్లలో అతిథులు కూర్చునే మజ్లిస్‌లలో కమానులు, అన్నీ తెల్ల పీఓపీ పొడిలో నీళ్లు కలిపి, అచ్చు పోసి చేసేవాడు. బహ్రెయిన్‌లో ఎంతమంది ఆయన కప్పు కింద కూర్చుని టీ తాగుతున్నారో నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. పని అప్పజెప్పాక ఆ ఇళ్లలోకి మళ్లీ పోవడం ఉండదు.

ఆయన చేతి కింద నేను చాలా ఏళ్లు పని చేశాను. ఒకే గదిలో ఉన్నాం. దగ్గర ఉండడానికి సులువైన మనిషి కాదు. తినబోయే ముందు పళ్లెం కడిగేవాడు, తిన్నాక కడిగేవాడు. ఇంకొకరు మూతి పెట్టి తాగిన సీసాలో నీళ్లు ముట్టేవాడు కాదు. మొదట్లో గుదైబియాలో ఒక పాత ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. అక్కడి బాత్రూం తూములో ఇరుక్కున్న వెంట్రుకలు ఆయనే తీసేవాడు, తీస్తూ మమ్మల్నందరినీ తిట్టేవాడు. "మనుషులా, మేకలా మీరు? ఛీ" అనేవాడు. కెఫెటేరియాలో కాగితం గ్లాసు టీ కాగితం రుచి వస్తుందని పారబోసేవాడు. ఎవడైనా రోడ్డు మీద ఉమ్మితే అక్కడే ఆగి, వాడు తలదించుకునే దాకా చూసేవాడు. పొద్దంతా తెల్ల పొడిలో మునిగి ఉండే మనిషికి ఇంత శుభ్రం ఎందుకని అందరూ నవ్వేవాళ్లు. పొడి మురికి కాదనేవాడు. "మురికి మనిషి కాడికెల్లి వస్తది. పొడి సంచిలకెల్లి వస్తది. రెంటికి ఫరక్ లేదా?"

ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి మాట ఇది: "నీళ్లు గలిపినంక మాటలొద్దు." పీఓపీలో నీళ్లు పడ్డాక అది ఎవరి కోసమూ ఆగదు. నువ్వు కబురు చెప్పే లోపలే గిన్నెలో రాయి అవుతుంది. అందుకని పొడి తడవడం మొదలయ్యాక ఆయన ముందు ఎవరూ నోరు తెరిచేవాళ్లం కాదు.

రెండో మాట ఇంకా ముఖ్యమైనది. పరంజా విప్పి, నేల ఊడ్చాక, పని అప్పజెప్పే ముందు మేస్త్రి గది నడుమ వెల్లకిలా పడుకునేవాడు. చేతులు పొట్ట మీద పెట్టుకుని, కదలకుండా, కప్పును మూల నుంచి మూలకు చూసేవాడు. "నిలవడి మెడ లేపి సూస్తె కప్పు అబద్ధం జెప్తది. సచ్చినోని లెక్క పండుకుని సూడాలె. అప్పుడు నిజం జెప్తది" అనేవాడు. నిజమే. పరంజా మీద మూరెడు దూరంలో కనబడని వంకర, కింద పడుకుంటే గీత గీసినట్టు కనబడుతుంది. ఆయన లేచి, చొక్కా దులుపుకుని, "అయింది" అంటేనే అయినట్టు. సూపర్‌వైజర్ సంతకాలు, ఫొటోలు తర్వాత. ఇంటివాళ్లు వింతగా చూసినా, నవ్వినా ఆ పడుకోవడం మాత్రం మానేవాడు కాదు. పడుకోకుండా వదిలేసిన పని ఒక్కటి ఉంది. నేను చెప్పాలనుకున్నది దాని సంగతే.

ఉమ్మ్ అల్ హస్సామ్‌లో మూతపడిన ఒక ఫర్నిచర్ షోరూంను సినిమా హాలుగా మార్చారు. చిన్న హాలు. పక్కన కాఫీ దుకాణం. నూరేళ్ల కిందటి అమెరికా సినిమా హాలు ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉండాలని సొంతదారు ముచ్చట. దానికి డిజైన్ చేసిన మేడం ముంబయి నుంచి వచ్చింది. హిందీలో మాట్లాడేది, కలుపుగోలు మనిషే. పాత అమెరికా హాళ్ల ఫొటోలు పెద్దవిగా తీయించి మేస్త్రికి ఇచ్చింది. టీ వేళ ఒక్కో ఫొటో చూపించి ఒక్కో కథ చెప్పేది. ఆయన విని, రాత్రి వంట దగ్గర మాకు చెప్పేవాడు. ఫొటోలు కంపెనీ లేబర్ క్యాంపులో మా గది గోడకు అంటించాడు.

మొదట్లో అక్కడ హాళ్లే లేవట. ఖాళీ దుకాణం ఒకటి తీసుకుని, గోడకు దుప్పటి కట్టి, ఐదు సెంట్లు తీసుకుని బొమ్మ చూపించేవాళ్లట. ఒక పియానో వాయించేవాడు ఉంటే అదే గొప్ప. పెద్ద టోపీలు పెట్టుకొచ్చే ఆడవాళ్లను దయచేసి టోపీ తీయమని తెర మీదనే రాసి చూపించేవాళ్లట. కుర్చీలు లేక, శవాలను సాగనంపే దుకాణం నుంచి అద్దెకు తెచ్చేవాళ్లట.

"శవాల దుకాణం కుర్చీలా?" అన్నాడు ఉల్లిగడ్డ కోస్తున్నవాడు, కత్తి ఆపి.

"ఔ. సావు కాడ సుట్టాలు కూసునే కుర్చీలు. సావు లేని దినం సిన్మకిస్తరు."

"మరి సిన్మ నడుమ ఎవలన్న సస్తె?"

"లేవుమంటరు" అన్నాన్నేను. "కుర్చీలు గావాలె గద."

గదంతా నవ్వింది. మేస్త్రి నవ్వలేదు. "ఛీ. నేనైతె నిలవడి సూద్దును" అన్నాడు.

ఇంకో కథకు ఆయన ముఖం మరీ ముడుచుకుంది. ఆ దుకాణాల్లో గాలి ఆడేది కాదట. పనిలోంచి నేరుగా వచ్చిన జనం కిక్కిరిసి కూర్చుంటే వాసన. దానికి యజమానులు ఏం చేశారంటే, ఒక మనిషిని పెట్టి, అత్తరు నీళ్లు పిచికారీలో పోసి, కూర్చున్న జనం నెత్తుల మీద కొట్టించేవాళ్లట.

"కిటికీ పెడ్తె అయిపోవు గద" అన్నాడు మేస్త్రి. "మనుషులకు మందు కొట్టుడేంది, పత్తిచేనుకు కొట్టినట్టు?"

తర్వాత ధనవంతులు కూడా రావాలని పెద్ద మహళ్లు కట్టారట. అవే మేస్త్రికి కావలసిన ఫొటోలు. లోపలికి పోయే వసారా ఒక్కటే మా ఊరి బడి కంటే పెద్దది. బొత్తాల కోట్లు వేసుకున్న కుర్రాళ్లు దారి చూపిస్తున్నారు. కొన్నింట్లో కప్పునే ఆకాశం లాగా చేశారు. నీలంరంగు, మబ్బులు, దీపాల చుక్కలు. అదంతా ప్లాస్టరే. నార పరిచి, అచ్చులు పోసి, ముక్కలుగా ఎక్కించినదే. ఆ ఫొటోల ముందు మేస్త్రి తల పక్కకు వంచి చాలాసేపు నిలబడేవాడు. "మంచిగ జేసిండ్రు" అన్నాడు ఒకసారి. ఆయన నోట ఇంకొకరి పనిని మెచ్చుకున్న మాట నేను విన్నది అదొక్కటే.

ఆ ఫొటోల్లో ఒకదాన్ని ఆయన గోడకు అంటించలేదు. టీవీలు వచ్చాక ఆ మహళ్లకు జనం తగ్గి, కొన్నింటిని కూలగొట్టారట, కొన్ని చర్చీలయ్యాయట, కొన్ని ఫర్నిచర్ దుకాణాలట. ఒక మహల్‌లో మాత్రం కుర్చీలన్నీ పీకేసి కార్లు నిలుపుతున్నారు. పైన సగం ఊడిన పూలకప్పు అలాగే ఉంది, కింద వరుసగా కార్లు. మేస్త్రి ఆ ఫొటో తిప్పి పరుపు కింద పెట్టాడు.

"కార్లు పండుకుని సూస్తయా కప్పును? ఛీ" అన్నాడు.

ఆ వేసవంతా మేమూ మా హాలుకు అలాంటి ఆకాశం చేశాం. వంపు కప్పు, అందులో చుక్కలకు రంధ్రాలు, చుట్టూ గోడ అంచున దీపాలు దాచే గట్టు. ఆ గట్టు వెనక నుంచి వెలుతురు పైకి కొడితే నీలం మెత్తగా కనబడాలి. కప్పు వంపు కుదరడానికి మేస్త్రి మొదట పోసిన రెండు అచ్చులు తనే పగలగొట్టాడు. ఏసీ ఇంకా పెట్టలేదు. పరంజా పైన చెమట గడ్డం నుంచి పీఓపీ గిన్నెలో పడకుండా ఆయన ముఖానికి తువ్వాలు కట్టుకునేవాడు. ఎవడి చెమటైనా గిన్నెలో పడితే గిన్నె మొత్తం పారబోయించేవాడు.

ఒకరోజు మేడం కొత్త ఫొటో తెచ్చింది. అమెరికాలో ఏదో చిన్న ఊరి హాలు. ముందర దీపాల బోర్డు, అద్దాల తలుపులు. పక్క గోడకు బయటి నుంచి ఒక ఇనప మెట్ల వరుస. నేరుగా పైకి, బాల్కనీ చివరన ఒక చిన్న తలుపులోకి పోతుంది. అలాంటి మెట్లే మన హాలు పక్కన కావాలంది. అవి సల్మాబాద్‌లో వెల్డింగ్ చేయిస్తారు. పైన తలుపు చుట్టూ గోడపని మాది.

మేస్త్రి ఫొటో చూసి అడిగాడు, లోపల ఇంత పెద్ద మెట్లుంటే బయట ఇంకో మెట్లు ఎందుకని.

మేడం మామూలుగా చెప్పింది. అప్పట్లో నల్లవాళ్లను ముందు తలుపు నుంచి రానిచ్చేవాళ్లు కాదు, వాళ్లకు ఈ మెట్లు, పైన చివరి వరుసలు. "ఇప్పుడవేం లేవులే మేస్త్రీ. కానీ ఫొటోలో ఎంత అందంగా ఉందో చూడు. ఇది లేకపోతే పాతకాలపు కళే రాదు" అంది. కాఫీ తాగుతూ అంది. ఆ కాఫీ గ్లాసు ఆ ఫొటో మీదనే పెట్టింది.

మేస్త్రి పోయి చేతులు కడుక్కొచ్చాడు. ఆ రోజు బస్సులో నా పక్కన కూర్చుని, చాలా దూరం పోయాక అన్నాడు:

"మా దిక్కు టాకీసుల నేల టికెట్‌కు తొవ్వ ఉచ్చదొడ్డి పక్కపొంటి ఉంటుండె. ముక్కు మూసుకుని నిలవడి టికెట్ తీసుకుంటుంటిమి. కుర్చీ టికెటోళ్లకు ముందల గేటు, పూలచెట్లు. గది మా పల్లెటూరి బుద్ధి అనుకున్న ఇన్నొద్దులు. గంత పెద్ద దేశమోళ్లకు గూడ గిదే బుద్ధా తమ్మీ?"



ముందు తలుపు చుట్టూ మేం పెట్టిన పూలపట్టీ అచ్చు అప్పటికి ఇంకా మా దగ్గరే ఉంది. మెట్లు బిగించిన వారం, మేస్త్రి ఆ పక్కతలుపు చుట్టూ కూడా అదే పట్టీ పెట్టాడు. ఎవరూ చెప్పలేదు, ఆయనే పెట్టాడు. మేడం చూసింది. ఫొటోలో ఈ తలుపుకు ఏమీ లేదు, బోసిగా ఉంది, అలాగే ఉండాలి, తీసేయమంది. మా సూపర్‌వైజర్‌ది కాకినాడ వైపు. శుక్రవారం ప్రార్థన తప్పనివాడు, ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. ఆయన వచ్చి బతిమాలాడు.

"ఏవండీ మేస్త్రిగారూ, ఆవిడ చెప్పినట్టు తీసేద్దామండీ. పోయేది మన సొమ్మాండీ?"

"తలుపన్నంక పువ్వుండాలె గద సార్. మనుషులు పోయే తొవ్వ."

"ఇందులోంచి ఎవరూ వెళ్లరండీ. ఊరికే చూపుకోసం."

"చూపుకోసమైతె పువ్వుంటె ఏమైతది?"

సూపర్‌వైజర్ "అబ్బ, నా మాట వినండీ" అన్నాడు. పగలగొట్టడానికి నేను సుత్తి తీసుకున్నాను. మేస్త్రి నా చేతిలోంచి లాక్కున్నాడు. పట్టీని తనే కొట్టాడు, ముక్కలు తనే ఊడ్చి సంచిలో పోశాడు, సంచి మూతి కట్టి తనే కిందికి మోశాడు. ఆ రోజు ఆయన ఛీ అనలేదు. అనకపోవడమే నాకు బాగా గుర్తుంది.

కప్పుపని ఇంకా రెండు రోజులు ఉందనగా మమ్మల్ని వేరే సైటుకు మార్చారు. మేం లేనప్పుడు మిగిలిన పని వేరేవాళ్లతో ముగించి పరంజా విప్పారు, ఎర్ర తివాచీ పరిచారు, కుర్చీలు బిగించారు. మేస్త్రి సూపర్‌వైజర్‌కు రోజూ ఫోన్ చేశాడు, ఒక్కసారి లోపలికి పోయి కప్పు చూసుకోవాలని.

"తివాచీ వేసేశారండీ, వర్కర్లెవరినీ రానివ్వట్లేదండీ. మన వాళ్లందరికీ ఒక షో వేస్తామన్నారు కదా, అప్పుడు చూద్దురుగాని."

"షోల లైట్లు బంద్ ఉంటయి సార్. నేను పండుకుని సూడాలె."

"పడుకుంటే నవ్వుతారండీ జనం."

"నవ్వనియ్యుండ్రి."

హాలు తెరిచిన నెలకు ఆ షో వచ్చింది. క్యాంపుల వాళ్లకు శుక్రవారం పొద్దున తెలుగు సినిమా. కంపెనీ బస్సు మమ్మల్ని దింపింది. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, తల నున్నగా దువ్వుకున్నాడు. మేం ముందు తలుపు వైపు నడిచాం. అద్దాల వెనక నుంచి హాలు మేనేజర్ చెయ్యి ఊపాడు, అటు అని. పక్క గోడ వైపు. ఇనప మెట్ల దగ్గరికి. ఊరికే చూపుకోసం అన్న మెట్లు.

వసారాలో తివాచీ ఖరాబవుతుందని, కుటుంబాలు కాఫీకి వస్తాయని, క్యాంపు షోలకు ఈ దారి పెట్టారట. మెట్ల కింద ఒక మనిషి నిలబడి, ఎక్కుతున్న వాళ్ల మీద గది వాసన పోగొట్టే స్ప్రే కొడుతున్నాడు. మల్లెపూల వాసన. పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుని వచ్చినవాళ్ల మీద. మావాళ్లలో ఒకడు చేతులు పైకెత్తి, "చంకల గూడ కొట్టు భాయ్" అన్నాడు. అందరూ నవ్వారు, ఆ కొట్టేవాడు కూడా.

మేస్త్రి మొదటి మెట్టు దాకా వచ్చి ఆగిపోయాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్న తువ్వాలు వాసన చూసి, మడిచి, బయట చెత్తడబ్బాలో వేశాడు.

"మీరు పోండ్రి" అన్నాడు.

"కప్పు సూడవా మేస్త్రీ?"

"గాడికెల్లి సూస్తె కప్పు గాదు, కప్పు వీపు కనబడ్తది."

నేను ఎక్కాను. ఆయన అన్నది నిజం. బాల్కనీ చివరి వరుస గట్టుకు దాదాపు సమానంగా ఉంది. అక్కడి నుంచి ఆకాశం లేదు. గట్టు వెనక దాచిన దీపాలు, వైర్ల చుట్టలు, మేం నునుపు చేయకుండా వదిలేసిన గరుకు ప్లాస్టర్, ఎవరిదో మరిచిపోయిన చేతితొడుగు. కింది వరుసల్లో కూర్చున్నవాళ్లకు దాచిపెట్టినదంతా మాకు చూపిస్తున్నారు. సినిమా సగంలో నేను కిందికి దిగాను. మేస్త్రి ఎండలో, గోడ నీడ ముక్కలో కూర్చుని ఉన్నాడు.

"ఎట్లున్నది?"

"వైర్లు కనబడుతున్నయి."

"చుక్కలు?"

"కనబడలే."

ఆయన తల ఊపాడు. బస్సు వచ్చేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

ఆ తర్వాత చాలా నెలలు ఆ హాలు మాట ఎత్తలేదు. ఎవడైనా ఆ కప్పు బాగుందట అంటే, "అప్పజెప్పలేదు గద ఇంక" అనేవాడు. ఎదుటివాడికి అర్థమయ్యేది కాదు.

మేస్త్రి ఊరికి పోయే ముందు, ఆ చలికాలంలోనే, సూపర్‌వైజర్ మా సైటుకు పరుగెత్తుకుంటూ వచ్చాడు. హాల్లో ఆకాశం నడిమధ్యన పగులు కనబడుతోందట. ఇద్దరు మేస్త్రీలు పైకెక్కి చూశారట, వాళ్లకేమీ దొరకలేదట. ఆ సాయంత్రమే సొంతదారు పెద్దవాళ్లను పిలిచాడట. "మీరు రావాలండీ మేస్త్రిగారూ, ఉన్నపళంగా" అన్నాడు. మేం పీఓపీ సంచులు అప్పుడే విప్పి ఉన్నాం. తలనుంచి కాలిదాకా పొడి. అలాగే బండెక్కాం.

మేనేజర్ ముందు తలుపు దగ్గర ఎదురొచ్చి, మా బట్టలు చూసి ముక్కు ముడిచి, పక్కమెట్ల వైపు చెయ్యి చూపించాడు.

మేస్త్రి వెనక్కి తిరిగాడు. "నడువు తమ్మీ, పోదాం."

సూపర్‌వైజర్ అడ్డం పడ్డాడు. "అయ్యో, ఎక్కడికండీ? ఐదు నిమిషాల పనండీ!"

"పగులు కిందికెల్లి కనబడ్తున్నదన్నరు. కిందికెల్లె సూడాలె. గా మెట్లెక్కితె నేను పైకి పోత. పైకి పోయినోళ్లు ఇద్దరు సూసిండ్రు గద, ఏం దొరికింది?"

సూపర్‌వైజర్ ఇది ఇంగ్లీషులో చెప్పాడు. మేనేజర్ గడియారం చూసుకున్నాడు, సరే అన్నాడు, బూట్లు విప్పమన్నాడు.

"విప్పుత. బట్టలు గూడ విప్పాల్నా అడుగుండ్రి."

అది సూపర్‌వైజర్ ఇంగ్లీషులో చెప్పలేదు.

అలా మేం అద్దాల తలుపులోంచి లోపలికి పోయాం. మేస్త్రి ఎటూ చూడకుండా హాలు నడిమి దారిలో సగం దాకా నడిచి, నిలబడి, కింద కూర్చుని, వెల్లకిలా పడుకున్నాడు. ఎర్ర తివాచీ మీద. చేతులు పొట్ట మీద పెట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నాడు?" అన్నాడు మేనేజర్.

"చూస్తున్నాడండీ" అన్నాడు సూపర్‌వైజర్, కంగారులో తెలుగులోనే.

"లైట్లు పెట్టుమనుండ్రి. బంద్ జెయ్యుమనుండ్రి. మల్ల పెట్టుమనుండ్రి" అన్నాడు మేస్త్రి. దీపాలు వెలిగాయి, ఆరాయి, వెలిగాయి. "పగులు గాదు. వైరు నీడ. గట్టు ఎనుకకెల్లి వైరు జారి దీపం ముందలికొచ్చింది. తమ్మీ, పో, లోపలి మెట్లున్నయి, లోపటికెల్లి పో. ఎడమదిక్కు మూడో దీపం."

నేను లోపలి మెట్లెక్కి, గట్టు దగ్గర వంగి, జారిన వైరును వెనక్కి నెట్టాను. కింద చూస్తే ఆయన కనబడ్డాడు. ఎర్రటి దాని మధ్య తెల్లటి మనిషి.

"పోయిందా?" అని కేక వేశాను.

"పోయింది."

పని అయిపోయింది. మేస్త్రి లేవలేదు.

"లేవండి మేస్త్రిగారూ, మేనేజర్ చూస్తున్నాడండీ."

"ఆగుండ్రి సార్. పని అప్పజెప్తున్న."

మూల నుంచి మూలకు చూశాడు. ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు. మేనేజర్ రెండుసార్లు ఫోన్ మాట్లాడాడు. చివరకు మేస్త్రి లేచి కూర్చుని, "అయింది" అన్నాడు. ఎవరితోనూ కాదు.

ఆయన లేచిన చోట ఆయన ఉన్నాడు. తల, భుజాలు, మోచేతులు, మడమలు, తెల్లగా, తివాచీ మీద అచ్చు పోసినట్టు. మేనేజర్ ఛీ అన్నాడు. ఏ భాషవాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మాట మాత్రం మాదే. శుభ్రం చేసే మనిషిని కేక వేశాడు. వాడు బకెట్టులో నీళ్లు, గుడ్డ పట్టుకుని పరుగున వచ్చాడు.

అది దులిపితే పోయే పొడి. నీళ్లు తగిలితే పీఓపీ, గట్టిపడి అతుక్కుంటుంది. నేను చెప్పబోయాను. మేస్త్రి నా మోచెయ్యి పట్టుకున్నాడు. అప్పటికే గుడ్డ తడిసి తివాచీ మీద పడింది.

"నీళ్లు గలిపినంక మాటలొద్దు" అన్నాడు. "నడువు."

ముందు తలుపులోంచే బయటికి వచ్చి బూట్లు తొడుక్కున్నాం.

ఆయన పోయిన కబురు వచ్చిన వారం, శుక్రవారం బస్సు ఆ హాలుకు పోతుంటే నేనూ ఎక్కాను. సినిమా ఏదో కూడా అడగలేదు. స్ప్రే కొట్టించుకుని ఇనప మెట్లెక్కి, బాల్కనీ అంచు దాకా పోయి కిందికి చూశాను. మా షోకు కూడా కింది సీట్లు టికెట్ కొన్న కుటుంబాలకే. వాళ్లు ముందు తలుపులోంచి, పాప్‌కార్న్ పట్టుకుని నడిమి దారిలో వస్తున్నారు. తివాచీ మీద ఇంకా ఉంది. కాళ్ల వైపు అరిగిపోయింది, తలా భుజాలూ బూడిదరంగులో మిగిలాయి. ఏమిటో ఎవరికీ తెలియదు. ఏదో మురికి అనుకుంటున్నారు. దాని దగ్గరికి రాగానే ఒక్కొక్కరూ అడుగు కొంచెం పక్కకు వేస్తున్నారు. ఒకావిడ పిల్లవాడి చెయ్యి గుంజి, చీరకుచ్చిళ్లు రెండు వేళ్లతో పైకి పట్టుకుని, చుట్టూ తిరిగి పోయింది. తర్వాత దీపాలు తగ్గాయి. దాని పైన ఆకాశం వెలిగింది.